భద్రమ్మ చన్నీళ్ల చట్టి

తిప్పేష్ కుడి చెయ్యి మోచేతి దాకా ఉడికిపోయి ఉంది. ముఖంలో మాత్రం నొప్పి ఆనవాలే లేదు. కాగే నీళ్ల తొట్టి పక్కన మధ్యాహ్నపు కునుకు తీస్తున్నవాడిలా ఉన్నాడు.

ప్రసూన ఆ ఫొటోను ఒక్కసారి చూసి బోర్లా పెట్టింది. బల్లకు అవతల నిఘా డిపార్ట్‌మెంట్ చీఫ్ నారాయణప్ప ఉగ్గాని తింటున్నాడు. ఆ ఫొటో పక్కనే మిరపకాయ బజ్జీ కొరికాడు.

"మనోడే. చిలమత్తూరు దగ్గర పట్టుదారం తీసే రీలింగ్ షెడ్డులో పెట్టినాం. శవం భుజం మీద సూది గుర్తు ఉండాది," అన్నాడు.

బ్రీఫింగ్ అయిదు నిమిషాల్లో ముగిసింది. వేడిని పసిగట్టే తలుపుల్లాంటివి చర్మంలోని నరాల కొసల్లో ఉంటాయి. మొదటి ఇంజెక్షన్ వాటిని మూసేస్తుంది. నిప్పు తగిలినా తెలియదు, కాసేపటికి స్పర్శే పోతుంది. రెండోది బార్లా తెరిచేస్తుంది. ఇక ఒంటి వేడే ఒంటిని కాలుస్తున్నట్టు ఉంటుంది, చర్మం మీద మచ్చయినా పడదు. మనుషుల్ని హింసించి మాట రాబట్టేవాళ్లకు అంతకంటే ఏం కావాలి? 'ఆర్కిడ్' అనే విదేశీ ముఠా వీటిని అమ్మకానికి పెట్టింది. మర్నాడు పదకొండింటికి ఉచిత వైద్యశిబిరం పేరుతో ఆ షెడ్డులోని ముప్పై మంది ఆడవాళ్ల మీద ప్రయోగించి, వీడియో తీసి, కొనేవాళ్లకు చూపించబోతోంది.

ఇప్పుడే రెయిడ్ చేస్తే పోలేదా అని ప్రసూన అడిగింది.

"మందు యాడ దాచినారో తెలీదమ్మా. మన హేమావతి ఆడ నర్సు వేషంలో ఉండాది, చూపిస్తుంది. పెట్టె కంటపడితే ఈల కొట్టు. బయట గురప్ప టీమ్ ఉంటాది."

కెమెరా దాచిన నల్లపూసల దండ ఒకటి ఆమె చేతికిచ్చాడు.

మర్నాడు పొద్దున్నే కొత్త కూలి మనిషిగా ప్రసూన షెడ్డులో అడుగుపెట్టింది. ఉడికిన పట్టుపురుగుల వాసన అంగిట్లో జిగురులా అంటుకుంది. తొట్లలో పట్టుగూళ్లు తేలుతున్నాయి. దారం ఊడిపోయిన గూళ్లలోంచి గోధుమరంగు పురుగులు బయటపడుతున్నాయి. పది నిమిషాల్లో ఆవిరికి కెమెరా మసకబారి పనికిరాకుండా పోయింది.

పక్క తొట్టి దగ్గర కూర్చున్న భద్రమ్మకు అరవై ఏళ్లుంటాయి. వేళ్లు నాని తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి. ప్రసూన దారపు కొస కోసం వేడినీళ్లలో చెయ్యి పెట్టబోతే మణికట్టు మీద చటుక్కున ఒకటి వేసింది.

"కాల్చుకుంటావా ఏమి? ముందు ఈడ, తర్వాత ఆడ," అంటూ పక్కనున్న చన్నీళ్ల చట్టి చూపించింది. "ముప్పై ఏండ్లాయ. చన్నీళ్లు ముట్టందే నా చెయ్యే పోదు దాంట్లోకి."

షెడ్డంతా అదే వరస. చట్టిలో ముంచడం, తొట్టిలో పెట్టడం. ఎవరూ ఆలోచించి చేయడం లేదు.

పదకొండుకు పది నిమిషాలుందనగా హేమావతి వచ్చింది. తెల్లకోటు కింద ధర్మవరం పట్టుచీర, భుజాన టెటనస్ అని రాసిన ఐస్‌బాక్స్. ఆమె సెంటు వాసన పురుగుల కంపుతో కలిసేసరికి ప్రసూన ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"చెనక్కాయ ఊడలు దిగినాయా?" అడిగింది హేమావతి.

"వాన పడితే కదా దిగేది," అంది ప్రసూన. కోడ్ సరిపోయింది.

మందు వెనక స్టోర్ రూములో ఉందనీ, టీమ్‌ను అటు పంపమనీ హేమావతి గొంతు తగ్గించి చెప్పింది. అంతలో ప్రసూన తొట్టిలో దారం తెగింది. "నేనూ రీలింగ్ ఇంట్లో పుట్టినదాన్నే," అని నవ్వుతూ హేమావతి వంగి, నేరుగా వేడినీళ్లలో చెయ్యి ముంచి తాపీగా కొస వెతికింది.

చట్టి వైపు చూడనైనా లేదు. వేళ్లు ఎర్రగా కమిలిపోతున్నాయి. నవ్వు చెక్కుచెదరలేదు.

"ఏమే, ఈయమ్మకి చెయ్యి కాలదా?" అని గొణిగింది భద్రమ్మ.

ప్రసూనకు అంతా అర్థమైంది. కొనేవాళ్లకు చూపించడానికి హేమావతి మొదటి ఇంజెక్షన్ వేసుకుని తన చేతినే నమూనా చేసుకుంది. తిప్పేష్‌ను పట్టించిందీ ఆమే. స్టోర్ రూము ఉత్త మాట. మందు భుజాన వేలాడుతున్న పెట్టెలోనే ఉంది.

ఈల కొట్టేలోపు హేమావతి సిరంజి తీసి భద్రమ్మ జబ్బ పట్టుకుంది. ముక్కుకు బామ్ రాసుకున్న విదేశీయుడొకడు ట్రైపాడ్ సర్దుతూ "నంబర్ వన్" అన్నాడు. గూళ్ల బుట్టను చూసినట్టే ఉంది వాడి చూపు.

సూది కొన చర్మానికి ఆనింది. "కదిలితే రెండో మందు దింపుతా," అంది హేమావతి, ప్రసూన కళ్లలోకి చూస్తూ.

నొప్పి తెలియని మనిషిని దేనితో బెదిరిస్తాం? ప్రసూన బెదిరించలేదు. ఒక్క దూకులో గూళ్లు ఉడికించే పెద్ద బాయిలర్ వాల్వు తిప్పేసింది. బుస్సుమని ఆవిరి కమ్మేసింది. ఎవరి చెయ్యి ఎవరికీ కనబడలేదు. భద్రమ్మ జబ్బ జారిపోయినా స్పర్శ లేని హేమావతి చేతికి తెలియలేదు. తడుముకుంటూ వెళ్లి హేమావతి వేళ్ల సందు నుంచి సిరంజిని మెల్లగా లాగేసి, ఈల కొట్టింది.

ఆవిరి తేలేసరికి హేమావతి ఖాళీ పిడికిలి బిగించి బొటనవేలితో నొక్కుతూనే ఉంది. చేతిలో సూది లేదని ఆమె చర్మం ఆమెకు చెప్పలేదు. భద్రమ్మ జబ్బ మీద చీమ కుట్టినంత గుర్తయినా లేదు. విదేశీయుడు గుమ్మంలోనే గురప్పకు దొరికాడు.

సాయంత్రం నారాయణప్ప ఫోన్ చేశాడు. శభాష్ అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఆ రెండో రకం సీసాలు రెండు పక్కన పెట్టమన్నాడు. "ఎప్పుడైనా మనకూ అక్కరకొస్తాయి కదమ్మా."

నిన్న ఫొటో పక్కన బజ్జీ కొరికిన నోరే అది.

"లేవు సార్. సాక్ష్యానికి హేమావతి రక్తం చాలు. సీసాలన్నీ కాగే తొట్టిలో పోసేసినా," అంది ప్రసూన. "వేడి తగిలితే ఆ మందు చెడిపోతుందంట. వేడి దానికి మాత్రం బాగానే తెలిసింది సార్."