ఎడమచేతి సీలు

"చాయ్ చల్లారింది."

తార్నాక ఇరానీ హోటల్ ఫోనులో చీఫ్ గొంతు. ఆ కోడ్‌కు అర్థం ఒకటే: ట్యూబు పోయింది.

"కాత్యాయని ల్యాబు నుంచి ఇప్పుడే చెప్పింది. దొంగ లోపలివాడేనట. మూడు గంటల బొంబాయి విమానంలో సరుకు దాటుతుంది. పట్టుకో."

ఏజెంట్ ఇన్నయ్య సైకిలెక్కాడు. యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబులో మూడు నెలలుగా అతను అటెండర్ బుచ్చిరాములు. కాపలా కాయాల్సింది వేలెడంత క్వార్ట్జ్ ట్యూబుకు. అందులో నయోబియం, అయొడిన్ కలిసిన నల్లటి స్ఫటికాలు. ఆరేసి లోహపు పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గుత్తులు కడతాయి. ఎలక్ట్రాన్లు గుత్తంతటా తిరుగుతాయి. చల్లబరిస్తే అయస్కాంత గుణమే మారిపోతుంది. ఆ రహస్యం కోసం ఒక విదేశీ ముఠా పొంచి ఉంది.

ట్యూబు కొసను మంట మీద కరిగించి సీలు చేసింది గ్లాస్‌బ్లోయర్ సామేలు. బీరువా తాళం అతని దగ్గరే ఉంటుంది. ఇన్నయ్య ఇంకేమీ ఆలోచించకుండా సెక్యూరిటీ వాళ్లకు అతన్ని చూపించాడు.

వరండాలో, స్టూడెంట్లందరి ముందూ, సామేలు అంగీ విప్పించి వెతికారు. ఏమీ దొరకలేదు.

"నువ్వే చెప్పినవా, రాములు?" అన్నాడు సామేలు మెల్లగా. "నిన్ననే గద మా ఇంట్ల బువ్వ తిన్నవు."

లాలాపేట్‌లో అతని భార్య సాలమ్మ కొసరి కొసరి వడ్డించింది. ఇన్నయ్య కింద పడ్డ అతని అంగీ తీసి పట్టుకున్నాడు.

అప్పుడు వచ్చింది కాత్యాయని. నల్ల కళ్లద్దాలు, సిల్కు చీర, చేతిలో థర్మాస్. పైకి సైంటిస్టు; నిజానికి ఢిల్లీ పంపిన ఏజెంటు.

"ఇతని బెంచీ కింద దొరికింది," అని ట్యూబు ఇన్నయ్య చేతిలో పెట్టింది. "కేస్ క్లోజ్. నాకు ఫ్లైట్ టైమైంది."

ఆమె టాక్సీ కదిలింది. బనీను మీదున్న సామేలు ట్యూబు కేసి వంగి చూశాడు.

"గిది నాది కాదు. మంట మీద నేను ఎడమ చేత్తో తిప్పుత. కొస ఎడమకు మెలి పడ్తది. గిది కుడికున్నది, సూడు."

మూడు నెలలు పక్కనే నిలబడి గ్యాసు తిప్పినవాడు ఇన్నయ్య. ఆ ఎడమ చేతిని రోజూ చూశాడు. అవసరమైన రోజున మాత్రం గుర్తు రాలేదు.

"సెక్యూరిటీ వాళ్ల స్కూటరున్నది, ఎక్కు అన్న. అసలుదాన్ని నువ్వే గుర్తుపట్టాలె. నేను అటెండర్ను కాదు."

"తెలుసు. ఏ అటెండరూ గింత జల్ది డ్యూటీకి రాడు. ముందుగాల నా అంగీ ఇయ్యి."

తార్నాక చౌరస్తాలో ఎడ్లబండి అడ్డం రావడంతో టాక్సీ ఆగింది. ఇన్నయ్య తలుపు లాగాడు. కాత్యాయని చేతిలో ఫౌంటెన్ పెన్ను పేలింది. గుండు స్కూటర్ లైటును పగలగొట్టింది. ఇన్నయ్య ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"అయితే ఎవరికీ వద్దు," అంటూ ఆమె రెండో చేత్తో థర్మాస్‌ను రోడ్డు మీదికి విసిరింది. గాలి తగిలితే స్ఫటికాలు పాడవుతాయి. సామేలు బోర్లా పడి దాన్ని నేలకు జానెడు ఎత్తులో అందుకున్నాడు. మూత తీసి, దూదిలో చుట్టిన ట్యూబును విప్పి చూశాడు.

"గిది నాది."

గంట తర్వాత చీఫ్ అన్నాడు: "శభాష్. కానీ ఇదంతా టాప్ సీక్రెట్. ఎవరికీ ఏమీ చెప్పకు."

"మరి సామేలు పరువు, సార్?"

"ఏ సామేలు?"

ఇన్నయ్య ల్యాబుకు తిరిగొచ్చాడు. వరండాలో సామేలును చూసి కుర్రాళ్లు ఇంకా గుసగుసలాడుతున్నారు. ఇన్నయ్య అందరి మధ్యా నిలబడ్డాడు.

"ట్యూబు తీసింది నేను. అన్న మీద అబద్ధం చెప్పిన."

సామేలు దగ్గరికొచ్చాడు. "ఏందిరా గీ మాటలు?"

"రెండో మాట నిజమే, అన్న."

సాయంత్రం అటెండర్ బుచ్చిరాములు చేతికి డిస్మిస్ ఆర్డరు వచ్చింది. ఏజెంట్ ఇన్నయ్య సర్వీసు మొత్తంలో న్యాయంగా సంపాదించుకున్న సర్టిఫికెట్ అదొక్కటే.