నాలుగో గేరులో వినపడని చప్పుడు

"ఓవర్‌డ్రైవ్ పట్టడం లేదు."

సోమవారం ఉదయం ఏజెంట్ ఫోర్ టెలిఫోన్‌లో చెప్పిన ఆఖరి మాట అదే. అరగంట తర్వాత, మెకానిక్ వేషంలోనే, గ్యారేజీ లిఫ్టు కింద నలిగి చనిపోయాడు. పేపర్లు ప్రమాదమన్నాయి. హెడ్‌క్వార్టర్స్‌లో ఎవరూ నమ్మలేదు. డీకోడింగ్ సెక్షన్ మూడు రోజుల పాటు ఆ మాటను తలకిందులు చేసింది, అక్షరాలు విడగొట్టింది, కోడ్‌బుక్కులన్నీ తిరగేసింది. ఏమీ తేలలేదు.

గురువారం ఉదయం ఎనిమిదింటికి ఏజెంట్ ట్వెల్వ్‌ను చీఫ్ పిలిచాడు.

"దీని అర్థం ఏమై ఉంటుంది?"

"ఓవర్‌డ్రైవ్ పట్టడం లేదని, సార్," అంది ఆమె.

చీఫ్ ఆమెను ఎగాదిగా చూశాడు.

"అది కోడ్ కాదు సార్. ఎవరో పక్కనే నిలబడి వింటుంటే అన్నయ్య ఉన్న మాటే చెప్పాడు. మెకానిక్ చెప్పే మాట కాబట్టి వాళ్లకు అనుమానం రాదనుకున్నాడు."

ఫోర్‌ను ఆమె అన్నయ్య అనే పిలిచేది. రక్తసంబంధం ఏమీ లేదు. ఆమెకు పిస్టల్ పట్టడం నేర్పిందీ, పానా పట్టడం నేర్పిందీ అతనే.

"సరే, విను," అన్నాడు చీఫ్. "ప్రొఫెసర్ ఇవాళ పదకొండింటికి పాత స్పోర్ట్స్ కార్ల పరేడ్‌లో బండి నడుపుతాడు. మన సైఫర్ మెషీన్ కీ ఆయన బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. విదేశీ ముఠా ఇవాళే ఆయన్ని లేపేస్తుందని సమాచారం. స్నైపర్ అని మా అంచనా. ముత్యం ఆయన పక్కనే ఉంది. నువ్వు మెకానిక్‌గా వెళ్లి, కారు ఓసారి చూసి, వెంటనే జనంలోకి వచ్చెయ్."

ముత్యం సర్వీసు పెట్టిన కోడ్ నేమ్. పట్టు స్కార్ఫు, నల్లకళ్లద్దాలు, చూసినవాళ్లు మళ్లీ తిరిగి చూసే అందం. పైకి ప్రొఫెసర్‌కు నావిగేటర్, లోపల ఆయన బాడీగార్డు.

తొమ్మిదిన్నరకు ట్వెల్వ్ నూనె మరకల ఓవరాల్స్‌లో, ఫోర్ చనిపోయిన గ్యారేజీలోనే ఉంది. జేబులో పెన్నులాంటి టెస్టర్, దాని క్యాప్‌లో మైక్రోఫోన్, చెవిలో చిన్న రిసీవర్. ఎదురుగా నేలకు ఆనినట్టున్న రెండు సీట్ల ఆకుపచ్చ కారు. దాని ముందు భాగం ఇనుప స్టాండ్ల మీద ఎత్తి ఉంది.

"ఇవాళ నేను ఆయనతో వెళ్లడం లేదు," అంది ముత్యం గుమ్మంలో నిలబడి. "చీలమండ బెణికింది. నువ్వు మాత్రం ఓవర్‌డ్రైవ్ బాగుచెయ్యి. అది లేకపోతే ఆయన మొహం మాడ్చుకుంటాడు."

ఓవర్‌డ్రైవ్ అంటే గేర్‌బాక్స్ వెనక తగిలించిన అదనపు గేరు. మూడో గేరులోనో నాలుగో గేరులోనో స్విచ్ వేస్తే కరెంటు వెళ్లి సోలినాయిడ్ అనే కరెంటు అయస్కాంతం 'టక్'మని ఆ గేరును లాగుతుంది, ఇంజన్ హోరు తగ్గి బండి హాయిగా సాగుతుంది. ట్వెల్వ్ ముందు గేర్‌బాక్స్ ఆయిల్ చూసింది. నిండుగా ఉంది. ఫ్యూజు బాగానే ఉంది. ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా కీ మాత్రం తిప్పి, నాలుగో గేరులో పెట్టి స్విచ్ వేసింది. కరెంటును అందించే రిలే పలికింది. సోలినాయిడ్ పలకలేదు.

"ట్వెల్వ్, టైమ్ పదీ పది," అన్నాడు చీఫ్ చెవిలో. "ఓవర్‌డ్రైవ్ లేకపోయినా కారు నడుస్తుంది. వచ్చెయ్. ఇది ఆర్డర్."

"నడుస్తుంది సార్. కానీ ఎందుకు పట్టడం లేదో తెలియకుండా నేను దీన్ని వదలను."

"ట్వెల్వ్!"

ఆమె రిసీవర్ తీసి రించిల పెట్టెలో పడేసింది.

స్విచ్ ఆపి, కీ తీసేసి, సీట్ల మధ్య ఉన్న మూత విప్పింది. గేర్‌బాక్స్ నెత్తిన చిన్న స్విచ్ ఉంది. మూడు, నాలుగు గేర్లలో తప్ప కరెంటును ముందుకు పోనివ్వని కాపలాదారు అది. దాని వైరు ఊడి ఉంది. తుప్పు పట్టి కాదు, తెగి కాదు. ఎవరో లాగి, తగిలించినట్టే కనిపించేలా తొడుగులో దూర్చి, నల్ల టేపు చుట్టారు. టేపు ఎడమ నుంచి చుట్టి ఉంది. అన్నయ్యది ఎడమచేతివాటం.

అంటే ఇది చెడిపోలేదు. చావు ముంచుకొస్తుంటే, చేతికందిన ఒక్క నిమిషంలో అతను చేయగలిగింది చేశాడు.

ఆమె వైరు ముట్టుకోకుండా కారు కిందికి దూరింది. సోలినాయిడ్ దగ్గర వైరు రెండుగా చీలింది. రెండో పాయ పెట్రోల్ పైపు పక్కనున్న బూడిదరంగు పొట్లంలోకి వెళ్లింది.

"స్నైపర్ కాదు సార్, బాంబు," అంది మైక్రోఫోన్‌లో. "ఓవర్‌డ్రైవ్ స్విచ్ వేస్తే పేలుతుంది."

"శభాష్," అంది పైనుంచి ముత్యం. విప్పిన మూత సందులోంచి పిస్టల్ కనిపించింది. "మూడు రోజులుగా మా వాళ్లకు దొరకని వైరు గంటలోపే పట్టేశావు. చేతులు కనపడేలా పెట్టు." పట్టు స్కార్ఫు ముందుకు వంగింది. ఒంటిచేత్తోనే వైరు తగిలించేసింది.

"అన్నయ్యను నువ్వే చంపావా?"

"ఎక్కువ తెలుసుకున్నాడు. నీకింకా సమయముంది. నోరు మూసుకుంటే బతుకుతావు."

"అన్నయ్య మూసుకోలేదు. నేనెందుకు మూసుకుంటాను?"

అంతలో గుమ్మం దగ్గర అడుగుల చప్పుడు వినిపించింది. ప్రొఫెసర్ వచ్చాడు. పిస్టల్ స్కార్ఫు కిందికి పోయింది, దాని గొట్టం మాత్రం ఆయన వీపు వైపే తిరిగి ఉందని కింద నుంచి ట్వెల్వ్‌కు కనిపిస్తోంది. అరిస్తే ముందు పోయేది ఆయనే. ఆమె కుడిచెయ్యి అంగుళం అంగుళం చొప్పున కట్టింగ్ ప్లయర్ వైపు జరిగింది.

"ఓవర్‌డ్రైవ్ పట్టిందా?" అన్నాడు ప్రొఫెసర్ సీట్లో కూలబడి.

"పట్టింది సార్. ముందు బండి దింపనివ్వండి, టైమైపోతోంది," అంది ముత్యం.

"సోమవారం నుంచీ ఇదే వింటున్నాను. నా చెవులతో విన్నాకే కదులుతాను."

కీ తిరిగింది. గేరు నాలుగులో పడింది. ఆయన చెయ్యి స్విచ్ మీదికి వెళ్లింది.

"వద్దు!" ముత్యం కేక గ్యారేజీ అంతా మోగింది. ఎత్తు మడమల బూట్లు ఒక్క గంతులో వెనక్కి దూకి, తలుపు వైపు పరుగెత్తాయి. బెణికిన చీలమండకు అది మంచి పరుగే.

అదే క్షణంలో ట్వెల్వ్ ప్లయర్ అందుకుని పొట్లంలోకి వెళ్లే వైరును కత్తిరించేసింది. మరుక్షణం స్విచ్ పడింది.

టక్.

సోలినాయిడ్ పలికింది. ఇంకేమీ పలకలేదు.

"ఆహా," అన్నాడు ప్రొఫెసర్. "పట్టింది. ఆ అమ్మాయి ఎందుకు అలా అరిచింది?"

ట్వెల్వ్ కారు కింద వెల్లకిలా పడుకుని, కళ్లలో నిండిన నీటిని నూనె చేత్తోనే తుడుచుకుంది.

బయట బ్రేకులు కీచుమన్నాయి. పక్క వీధిలోంచి మైక్రోఫోన్‌లో అంతా విన్న చీఫ్, ఇద్దరు మనుషులతో తలుపు దగ్గరే ముత్యాన్ని ఒడిసి పట్టాడు. సంకెళ్లు పడ్డాక కారు పక్కకు వచ్చి కిందికి వంగాడు.

"ఆర్డర్ ధిక్కరించావు. రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి."

"ఇస్తాను సార్," అంది ట్వెల్వ్ కారు కింద నుంచే. "ముందు మీ కాలు తియ్యండి. పది నంబర్ పానా దాని కింద ఉంది."