నడకకీ పడవకీ మధ్య ఇరవై రోజులు

రాతిరేవుకి మంచి పేరు లేదు. ఏడాదిలో ఎక్కువ రోజులు అది అన్ని రేవుల్లాంటి రేవే. పడవ కట్టే గుంజలు, తడిసిన తాళ్ళు, చేపల వాసన. చెడ్డపేరంతా ఒక ఇరవై రోజులది. చలికాలం వెళ్ళిపోయి, ఎండాకాలం ఇంకా రాని ఇరవై రోజులు.

ఆ రోజుల్లో చీకటి పడ్డాక అవతలి ఒడ్డు నుంచి ఎవరో పిలుస్తారు. పలకకూడదు… దీపం చూపించకూడదు.

నేను ఇంజన్లు బాగుచేసేవాణ్ణి. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఆ మాటకొస్తే ఇంజన్ల మీదా పెద్ద నమ్మకం లేదు. మంచు పోగానే పడవ తిరగాలి, వచ్చి ఇంజన్ సరిచెయ్యమని కబురొస్తే ఆ కొండల్లోకి వెళ్ళాను. నాలుగు రోజుల పని అనుకున్నది, విడిభాగం రాక పదకొండు రోజులైంది. పడవాయన ఇంట్లోనే మకాం. ఒంటరి ముసలాయన, మాట తక్కువ. నేను పది మాటలు అంటే అటు నుంచి ఒక 'ఊఁ' వచ్చేది, అదీ నా అదృష్టం బాగుంటే.

ఒక సాయంత్రం ఇంజన్ మీద పాత గోనె కప్పి చేతులు తుడుచుకుంటున్నాను. అవతలి ఒడ్డు నుంచి సన్నగా వినపడింది.

"ఓ…య్…"

"ఎవరో పిలుస్తున్నారండోయ్," అన్నాను.

ఆయన చుడుతున్న తాడు చేతిలోంచి జారిపోయింది.

"ఏం, నేను పలకనా?"

"మీ ఇష్టం మేస్త్రీ గారూ," అన్నాడు, రెండు చేతులతో చెవులు మూసుకుని. "పలకమనీ చెప్పలేను… వద్దనీ చెప్పలేను."

అంత పెద్దమనిషి అలా అనేసరికి నా వేళాకోళం నోట్లోనే ఆగిపోయింది. నేను పలకలేదు. రెండోసారి పిలుపూ రాలేదు. ఆ రాత్రి పొయ్యి దగ్గర కూర్చుని ఆయన చెప్పిందే ఇది. నా సొంత కవిత్వం ఇందులో ఏమీ లేదు.

సరస్సు కొండల మధ్య పొడుగ్గా పడుకుని ఉంటుంది. ఈ కొస నుంచి ఆ కొసకి రోజంతా పడుతుంది కానీ, రేవు దగ్గర అడ్డం అరమైలే. ఎండాకాలంలో అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టేంత తేటగా ఉంటుంది. తెడ్లు వేసుకుంటూ వెళ్ళినా పావుగంటలో అవతల ఉండొచ్చు. చెట్లు పసుపు రంగుకి తిరిగేసరికి బాతులు గుంపులు కట్టి వెళ్ళిపోతాయి. ఆ వెనకే పొగమంచు దిగుతుంది. ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే నీళ్ళ మీద పలచటి పొర. అది పది రోజులకి జానెడు, నెల తిరిగేసరికి మూరెడు. అప్పుడిక పడవ గట్టెక్కుతుంది. మనుషులు, కట్టెల బళ్ళు, పోస్టు సంచులు… అన్నిటికీ ఆ మంచే రోడ్డు.

చిక్కంతా మంచు విరిగేటప్పుడు. తెల్లగా ఉన్నది బూడిదరంగు అవుతుంది, ఆ తర్వాత నల్లబడుతుంది. చూడ్డానికి ఇంకా మందంగానే ఉంటుంది. లోపల మాత్రం సూదులు సూదులుగా విడిపోయి ఉంటుంది. కాలు మోపామా… అంతే. పోనీ పడవ వేద్దామంటే ఆ గడ్డల్లో దూరదు. అటు నడకా లేదు, ఇటు పడవా లేదు. కొండ చుట్టూ తిరిగి వెళ్ళే దారి ఒకటుంది. ఆ రోజుల్లోనే దాని మీద మంచుచరియలు విరిగిపడుతుంటాయి.

పడవాయన ముత్తాత కాలంలో, అలాంటి ఒక రాత్రి, అవతలి నుంచి పోస్టుమాన్ కేకేశాడట. ఎవరా అని చూడ్డానికి ముత్తాత బయటికొచ్చి లాంతరు పైకెత్తాడు. అంతకన్నా ఏమీ చెయ్యలేదు. అవతలివాడు దాన్ని రమ్మని చూపిస్తున్న వెలుగనుకున్నాడు. మంచు మీద అడుగేశాడు… మళ్ళీ ఎవరికీ కనపడలేదు.

అప్పట్నుంచీ ఏటా ఆ రోజుల్లో పిలుపు వస్తూనే ఉంది. ఆ ఇంట్లో ఒకటే కట్టుబాటు.

"మనం దీపం ఎత్తితే రమ్మన్నట్టు. పలికినా రమ్మన్నట్టే," అని పడవాయనకి వాళ్ళ నాన్న చెప్పేవాడట. "అది మనవాళ్ళ గొంతుతోనే పిలుస్తుందిరా. ఎవరి గొంతు వినపడినా సరే… నోరు కట్టుకుని కూర్చో."

ఆ నాన్న పోయాడు. రేవు ఈయన చేతికొచ్చింది. పెళ్ళయింది. పెళ్ళయిన రెండో ఏడు భార్య కడుపుతో ఉంది. ఆమె పుట్టిల్లు సరిగ్గా అవతలి ఒడ్డున. వాళ్ళ నాన్న వడ్రంగి. కాన్పుకని నడి చలికాలంలో ఈయనే ఆమె చెయ్యి పట్టుకుని మంచు మీద మెల్లగా నడిపించి దిగబెట్టి వచ్చాడు. లెక్క ప్రకారం మంచు గట్టిగా ఉండగానే బిడ్డ పుట్టాలి. కబురు రాగానే నడిచి వెళ్ళి చూసుకోవాలని ఈయన ఆశ.

ఆ ఏడు వెచ్చటి గాలి పదిహేను రోజులు ముందే వచ్చింది.

వారం తిరక్కుండా ఒడ్డు వెంట మంచు ఎడం ఇచ్చింది. ఆ సందులో చారెడు నీళ్ళు, ఆ నీళ్ళలో అప్పుడే వచ్చిన బాతులు. ఏటా బాతుల్ని చూసి మురిసిపోయే మనిషి, ఆ ఏడు వాటి మీద రాళ్ళు విసిరాడట. పాపం వాటి తప్పేముంది? ఎవరో ఒకరి మీద కోపం తెచ్చుకోవాలి కదా.

రోజూ సాయంత్రం రేవు మెట్ల మీద కూర్చుని అత్తవారింటి కిటికీ వంక చూసేవాడు. దీపం వెలిగితే, సరే, ఇంట్లో మనుషులు తిరుగుతున్నారు. పొగ లేస్తే, సరే, పొయ్యి రాజేశారు. అంతకుమించి ఏ కబురూ లేదు. అరమైలు దూరం… అరమైలంటే అరమైలు!

అలా కూర్చున్న తొమ్మిదో రోజు చీకటి పడేసరికి ఆ ఇంట్లో ఎప్పుడూ ఉండే ఒక్క దీపం బదులు మూడు వెలిగాయి. ఒకటి అటూ ఇటూ తిరుగుతోంది.

ఈయనకి అర్థమైంది. నొప్పులు మొదలయ్యాయి.

ఆ మెట్ల మీదే కూర్చున్నాడు. కాళ్ళు చల్లబడిపోయినా లేవలేదు. కింద మంచు ఉండుండి మూలుగుతోంది. ఎంతసేపైందో తెలియదు…

"ఏవండీ…"

భార్య గొంతు!

"ఏవండీ… ఒక్కసారి రండి… నాకు భయంగా ఉంది…"

గభాల్న లేచాడు. లేచినవాడికి నాన్న మాట గుర్తొచ్చి ఆగాడు. నొప్పులు పడుతున్న మనిషి మంచం దిగి ఒడ్డుకెలా వస్తుంది? రాలేదు. మరి ఈ గొంతెవరిది? ఆమె కాదనుకుంటే భయం. ఆమే అనుకుంటే అంతకన్నా భయం.

మూడుసార్లు పిలిచింది. ఈయన కండువా మడిచి నోట్లో కుక్కుకున్నాడు.

తర్వాత ఏ చప్పుడూ లేదు. చాలాసేపు.

హమ్మయ్య అనుకుంటుండగా, అవతలి ఒడ్డున వెలుగొకటి కనపడింది. లాంతరంత వెలుగు. గట్టు దిగింది… నీళ్ళ అంచుదాకా వచ్చింది… అక్కడ ఆగాలి కదా! ఆగలేదు. మంచు మీదికి వచ్చేసింది.

సర్ర్… సర్ర్… ఏదో బరువైనది మంచు మీద ఈడుస్తున్న చప్పుడు. కాసేపు ఆగుతుంది. మళ్ళీ సర్ర్…

సగం దూరం వచ్చాక వెలుగు నిలబడింది.

"అల్లుడూ…"

ఈసారి మామగారి గొంతు. రొప్పుతూ, గుసగుసకి కొంచెం పైగా.

"ఎక్కడున్నావయ్యా? ఒక్క మాట పలుకు బాబూ… నీ గొంతు పట్టుకుని వచ్చేస్తాను…"

పడవాయన కండువా చాలక పిడికిలి నోట్లో పెట్టుకుని కొరికేశాడు. ఆ పళ్ళగాట్లు నాకు పొయ్యి వెలుతుర్లో చూపించాడు. తెల్లటి మచ్చలు, నాలుగు.

వెలుగు ఎడమకి తిరిగింది. కుడికి తిరిగింది. దారి తెలియని మనిషి వెతుక్కున్నట్టే వెతుక్కుంటోంది.

"అల్లుడూ… ఉన్నావా…"

మెల్లగా కుడివైపు నడవడం మొదలెట్టింది. అక్కడ కొండవాగు వచ్చి సరస్సులో కలుస్తుంది. అన్నిటికన్నా ముందు మంచు కరిగేది అక్కడే. ఆ రోజు పొద్దున్నే ఈయన చూశాడు… అక్కడ మంచు లేదు, రాత్రి చలికి పైన పేరుకున్న పొర తప్ప.

"అటు కాదు" — ఆ మాట నాలిక చివరిదాకా వచ్చిందట.

"దెయ్యానికి నేను దారి చెప్పడమేంటి అనుకున్నాను మేస్త్రీ గారూ," అన్నాడు. "మింగేశాను."

పెద్ద చప్పుడేమీ కాలేదు. అద్దం పగిలినంత కూడా లేదు. వెలుగు ఒక్కసారి కిందికి కుంగి… ఆరిపోయింది.

ఎవరో చేతులతో మంచుని కొడుతున్నట్టు కాసేపు టపటపమని వినపడింది. అదీ ఆగిపోయింది.

అవతలి ఇంట్లో మూడు దీపాలూ అలాగే వెలుగుతున్నాయి. ఈయన ఇంట్లోకొచ్చి తలుపు గడియ వేసుకున్నాడు. గండం గడిచిందనుకున్నాడు. తండ్రి మాట నిలబెట్టాననుకున్నాడు. ఆ రాత్రి, ఎన్నాళ్ళకో, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు.

"నెగ్గాననుకున్నాను," అన్నాడు. "పొద్దున్నే మొహం కడుక్కుంటూ నాలో నేను నవ్వుకున్నాను కూడా."

ఆ పొద్దున్నే పెద్ద గాలి లేచింది. అంతవరకు కదలని మంచు ఒక్కసారిగా కదిలింది. ఈ కొస నుంచి ఆ కొసదాకా పగుళ్ళిచ్చి, గడ్డలు గడ్డలుగా ఒకదానిమీదొకటి ఎక్కుతూ, పెద్ద రొదతో దిగువకి కొట్టుకుపోయింది. ఏటా అంతే. ఇరవై రోజులు ప్రాణం తీసి, పోయేటప్పుడు ఒక్కరోజులో పోతుంది. మూడో రోజుకల్లా సరస్సు నీలంగా మెరుస్తోంది. ఒడ్డున కొమ్మలకి లేత చిగుళ్ళు కూడా వచ్చాయి. బాతులు నీళ్ళ మధ్యదాకా వెళ్ళి ఈదుతున్నాయి.

పడవ దింపాడు. అప్పటికి ఇంజన్ లేదు, తెడ్లే. చేతులు పుళ్ళు పడేలా వేశాడు. వాగు కలిసే చోటు పక్కనుంచే వెళ్ళాడు. నీళ్ళు ఇంకా బురదగా ఉన్నాయి, అడుగు కనపడలేదు.

అవతలి ఒడ్డున భార్య నిలబడి ఉంది. బాలింత. బయటికి రాకూడని మనిషి వచ్చేసింది. పక్కన అత్తగారు. భార్య చేతుల్లో దుప్పటి మూట. ఆ మూటలోంచి చిన్న చెయ్యి ఒకటి బయటికొచ్చి ఊగుతోంది.

"ఆడపిల్ల," అంది, దూరం నుంచే, నవ్వుతూ.

ఈయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి. పడవ ఇంకా ఒడ్డు తగలకముందే నీళ్ళలోకి దూకాడు.

ఆమె మాత్రం ఈయన వంక చూడ్డం లేదు. ఈయన భుజం మీదుగా పడవలోకి చూస్తోంది.

"నాన్న ఏరి?"

"నాన్నా?"

"అదేంటండీ! నీళ్ళు తేటపడ్డాక మీతోపాటు పడవలో వస్తారులే అనుకున్నాం. అమ్మ నిన్నట్నుంచీ ఆయనకి కూడా అన్నం వండి పెడుతోంది."

ఈయన వెనక్కి తిరిగి వాగు కలిసే చోటు వంక చూశాడు.

"మీరే కదండీ పిలిచింది. 'మామయ్యా, మంచులో కాలు దిగబడింది, పైకి రాలేకపోతున్నాను' అని… అన్నిసార్లు! బిడ్డ పుట్టి గంట కూడా కాలేదు. మొహం చూశారో లేదో, నిచ్చెన ఈడ్చుకుంటూ లాంతరు పట్టుకుని మీకోసం పరుగెత్తారు నాన్న."

అత్తగారు పడవ దగ్గరికి వెళ్ళి వంగి లోపలికి చూసింది. ఖాళీ పడవ. అందులో చూడ్డానికి ఏముంది? అయినా చూస్తూనే ఉంది.

భార్య మొహంలో నవ్వు మెల్లగా పోయింది.

"మిమ్మల్ని పిలుస్తూనే ఉన్నారు కదండీ… ఇంట్లో, మంచం మీద పడి ఉన్నదాన్ని, నాకే వినపడింది. మీకు వినపడలేదా?"