వచ్చింది, పోయింది

పొద్దున్నే ఫ్యాను ఆగింది. అరబ్బీ మాష్టారు టీ గ్లాసుతోనే తలెత్తి చూసి, "కరెంటు లేదు" అన్నాడు. లోపలి గదిలోంచి కూతురు "ఊఁ, లేదు" అంది. ఇల్లాలు కన్నుమూసినప్పటి నుంచి ఆ ఇంట్లో కరెంటు 'పోయింది' అనడం మానేశారు. 'లేదు' అంటారు, అంతే.

ఇంతలో మాష్టారి తమ్ముడు చెప్పులతోనే లోపలికి దూసుకొచ్చాడు. కళ్లజోళ్ల దుకాణం ఆయనది. అందరి చూపూ సరిచేస్తాడు గానీ, కోపమొస్తే తనకు ఎదుట ఎవరున్నారో కనబడదు.

"అన్నయ్యా, నీ కూతురు కాలేజీలో ఏం ఉపన్యాసమిచ్చిందో విన్నావా? ఖురాన్‌లో దేవత దాక్కుందట! మసీదు దగ్గర నలుగురూ నన్ను పట్టుకున్నారు. తలెక్కడ పెట్టుకోను?"

"ముందు చెప్పులు బయట పెట్టు."

భాషాశాస్త్రం పాఠాలు చెప్పే ఆ పిల్ల గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఆనవాళ్లున్నాయన్నాను బాబాయ్. అరబ్బీలో సూర్యుడు స్త్రీలింగం. దయకీ గర్భానికీ ధాతువొకటే. అక్కడెప్పుడో ఒక తల్లి ఉండేది. తర్వాత చెరిపేశారు."

"విన్నావా! తప్పయిందని చెప్పించు. లేదా ఈ పిల్లతో మాకు సంబంధం లేదని నువ్వే చెప్పు."

మాష్టారు కూతురి వైపు తిరిగాడు. "దాచడమేంటమ్మా? అప్పటి జనం కొలిచిన ముగ్గురు దేవతల పేర్లూ అందులోనే ఉన్నాయి. పేరుపెట్టి మరీ కాదంది. దాచేవాళ్లు పేర్లు చెప్తారా?"

"చెప్పి కొట్టేసింది వేరు, తెలీకుండా మిగిలిపోయింది వేరు నాన్నా. మనుషులు మర్చిపోయినా మాట మర్చిపోదు."

"మాటకు లింగముంటే దేవత ఉన్నట్టేనా? మన భాషే చూడు. అమ్మ వచ్చింది, బస్సు వచ్చింది. రెండూ ఒకటేగా."

తమ్ముడు పకపకా నవ్వాడు. "అయితే బస్టాండుకెళ్లి దండం పెట్టుకుందాం పద!"

కూతురు నవ్వలేదు. "కరెంటు పోయింది, అమ్మ పోయింది. అదీ ఒకటే కదా నాన్నా?"

నవ్వు సగంలోనే ఆగింది.

"ఆ రోజు నువ్వు ఫోన్ చేసి 'పోయిందమ్మా' అన్నావు. ఆ వారమంతా కరెంటు గోలే. నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, 'మళ్లీనా? నాకెందుకు చెప్తావు, ఆఫీసుకి ఫోన్ చెయ్యి' అని విసుక్కున్నాను." ఆమె తండ్రి కళ్లలోకి చూసింది. "అమ్మకూ కరెంటుకూ తేడా తెలీలేదు నాకు. అప్పట్నుంచీ ఏ పుస్తకం తెరిచినా అదే వెతుకులాట. ఏదో ఒక మాట చివర ఒక తల్లి మిగిలుంటుందేమోనని."

మాష్టారు లేచి కూతురి దగ్గరికెళ్లాడు. "మీ అమ్మ అని అనాల్సింది. నోరు రాలేదమ్మా. ఆ మాట అంటే నిజమైపోతుందనిపించింది. నువ్వు తిట్టిన ఆ కాసేపూ, నిజంగా కరెంటే పోయిందనుకున్నాను. ఎంత హాయిగా ఉందో."

ఆమె తండ్రి భుజం మీద వాలి ఏడ్చింది. కాసేపటికి మాష్టారే అన్నాడు.

"అక్కడ దేవత ఉందంటే ఒప్పుకోను. చచ్చినా ఒప్పుకోను. కానీ దయ ఎంత దగ్గరిదో చెప్పడానికి తల్లి కడుపుతో చుట్టరికమున్న మాటే దొరికింది చూడు, అది నిజం. చిన్నప్పుడు నేనే నేర్పాను నీకు. దేవుణ్ణి దయామయుడన్న ఆ పేరుతో తలిచినప్పుడల్లా నాకు మీ అమ్మ గుర్తొస్తుంది."

"రుజువు లేదని నాకూ తెలుసు నాన్నా. అలా ఉంటే బాగుండునని ఆశ, అంతే. అదే చెప్తాను కాలేజీలో వాళ్లకి."

తమ్ముడు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "మరి మసీదు దగ్గర నేనేం చెప్పను?"

"మా అన్న కూతురు వాళ్లమ్మను వెతుక్కుంటోందని చెప్పు" అన్నాడు మాష్టారు.

ఆయన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, చప్పుడు చేయకుండా గుమ్మం దాటాడు.

ఫ్యాను కిర్రుమంటూ తిరిగింది.

"వచ్చింది" అన్నాడు మాష్టారు, అలవాటుగా.

ఇద్దరూ ఒక్కసారే వంటింటి గుమ్మం వైపు తల తిప్పారు.