మిషనక్క తిరిగిచ్చిన బొంత

మధ్యాహ్నం రెండు దాటింది. పొద్దుటి నుంచి ఒకటే ముసురు. చెల్లెలు గొడుగు ముడిచి, సగం దించిన షట్టరు కింద నుంచి వంగి కుట్టు దుకాణంలోకి వచ్చింది. వీధంతా మిషనక్క అని పిలుచుకున్న ఆమె అక్క పోయి రెండు వారాలైంది. ఆ షట్టరు పూర్తిగా ఎత్తడానికి ఇంట్లో ఎవరికీ చేతులు రావడం లేదు.

"రండి చిన్నత్తయ్యా, టీ పెట్టనా?" అంది అక్క కోడలు.

"వద్దమ్మా. బొంత పట్టుకుపోదామని వచ్చాను."

అనేశాక తనకే సిగ్గేసింది. ఇంకా ఏడుపులు ఆరని ఇంట్లో వస్తువులు అడగడమేమిటి? కానీ ఆ బొంత సంగతి వేరు.

ఆ బొంత వాళ్ళ అమ్మమ్మ మొదలుపెట్టింది. ఇంట్లో ఎవరు పోయినా, వాళ్ళ బట్టలోంచి జానెడు ముక్క కోసి దానికి కలిపి కుడతారు. ఒకటే నియమం. బతికున్నవాళ్ళ గుడ్డ దానికి కుట్టకూడదు. అమ్మమ్మ తర్వాత ఆ పని మిషనక్కది. ముందు సుద్దతో చదరం గీసేది, ఆ తర్వాతే కత్తెర పట్టేది. ఎడమచేతి వాటం కావడంతో ఆమె కుట్లన్నీ ఎదురు వాలుగా పడేవి. పక్కనే కత్తెర ఉన్నా దారం పళ్ళతోనే కొరికేది. చెప్పిన రోజుకి బట్టలిచ్చిన పాపాన మాత్రం ఎప్పుడూ పోలేదు. ఎవరడిగినా "ఇస్తాన్లే, ఎక్కడికి పోతాను?" అనేది.

బొంత నడిమధ్యన నీలం గళ్ళ చొక్కా ముక్క. అది చెల్లెలి కొడుకుది. ఆ చొక్కా కుట్టిందీ మిషనక్కే. కొలత తీస్తుంటే వాడు ఒక్కచోట నిలబడేవాడు కాదు. "కదలకురా, గీత వంకరపోతుంది!" అని కసిరేది. ఏడేళ్ళకే జ్వరమొచ్చి, మూడు రోజులు "చలేస్తోందమ్మా" అంటూ అంటూనే పోయాడు. వాడి బట్టలు కళ్ళెదుట ఉంటే భరించలేక చెల్లెలు ఆ వారమే అన్నీ ఎవరికో ఇచ్చేసింది. ఆ తెలివితక్కువ పనికి తొమ్మిదేళ్ళుగా ఏడుస్తూనే ఉంది. మిగిలింది ఆ ఒక్క ముక్క.

జబ్బు ముదిరాక అక్క కబురు పెట్టింది. చెల్లెలు బొంత తెచ్చి కప్పింది. అక్క ఆ గళ్ళ మీద చెయ్యేసి గుసగుసగా అడిగింది.

"ఇది విప్పి నాకిచ్చెయ్యవే. నాతో తీసుకుపోతాను. వాడక్కడ చలికి..."

"పిచ్చి మాటలు ఆపు. బొంత కప్పుకో. ఆ ముక్క మాత్రం ముట్టుకోకు. మళ్ళీ నా బొంత నాకిచ్చెయ్యాలి."

అక్క ఇంక అడగలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. మూడో రోజున పోయింది. ఆకుపచ్చ చుక్కల చీర చెల్లెలే కట్టి సాగనంపింది.

కోడలు వెనక గది తాళం తీసింది. మిషను నూనె, మందులు, తడి గుడ్డ కలగలిసిన వాసన గుప్పుమంది. మంచం మీద బొంత నీటుగా మడతపెట్టి ఉంది. చెల్లెలు ఆత్రంగా విప్పింది.

నడిమధ్యన ఖాళీ. జానెడు చదరం. చుట్టూ కుట్లు ఒక్కొక్కటే ఒద్దికగా విప్పి ఉన్నాయి.

"ఎవరు తీశారు?"

కోడలి ముఖం పాలిపోయింది. "ఒట్టు చిన్నత్తయ్యా. అత్తయ్యని తీసుకెళ్ళాక నేనే మడతపెట్టాను. అప్పుడా ముక్క ఉంది. మళ్ళీ ఈ తాళం ఇవాళే తియ్యడం."

బయట ఎవరో బట్టల కోసం పిలిచారు. కోడలు వెళ్ళింది. చెల్లెలు మంచం అంచున కూలబడింది. దుఃఖం, కోపం కలిసి ముంచుకొచ్చాయి.

"ఇవ్వనంటే దొంగతనం చేస్తావా అక్కా?"

మబ్బు ఇంకా కమ్మింది. గది చల్లబడింది. ఎక్కడి నుంచో సుద్ద వాసన.

అప్పుడు వినిపించింది.

టుక్... సర్ర్...

దళసరి గుడ్డలో సూది దిగి, వెనకే దారం సాగుతున్న చప్పుడు. చిన్నప్పటి నుంచి విన్నదే.

టుక్... సర్ర్... సరిగ్గా తన వీపు వెనక. బొంత పరిచిన చోట.

తల తిప్పలేకపోయింది. చివరికి పళ్ళతో దారం కొరికిన చప్పుడు. ఆ తర్వాత కొంగు... ఎవరో రెండు వేళ్ళతో సాగదీసి పట్టుకున్నట్టు బిగుసుకుంది.

"కదలకు..."

చెవి పక్కనే. గాలి కంటే పల్చగా.

చెల్లెలు గభాల్న లేచి వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు. బొంత నడిమధ్యన ఖాళీ కూడా లేదు. ఆకుపచ్చ చుక్కల గుడ్డ. తన చేతులతో కట్టి పంపిన చీర. కుట్లు ఎదురు వాలుగా ఉన్నాయి. దారం కొస ఇంకా తడిగా ఉంది.

ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. సాయంత్రం మంచం మీద బొంత పరిచి, ఆ చుక్కల మీద చెంప ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. అక్క తనది ఇచ్చి, వాడిది పట్టుకుపోయింది. అడిగినప్పుడే ఇస్తే ఏం పోయేది? పోయేవాళ్ళ చేతికి ఇవ్వకుండా, గుడ్డముక్కని పట్టుకుని తనే తొమ్మిదేళ్ళు బిడ్డని చలిలో ఉంచింది.

"దీపం వెయ్యనా?" ముందుగదిలోంచి భర్త అడిగాడు.

"వద్దు."

కళ్ళు తుడుచుకోవడానికి కొంగు పైకి తీసింది. చెయ్యి ఆగిపోయింది.

కొంగు మీద సుద్ద గీతలు. జానెడు చదరం. మూడు వైపులు తిన్నగా, తీరుగా ఉన్నాయి. నాలుగోది సగంలో, తను లేచిన చోట, వంకరపోయి ఆగింది.

అరచేత్తో ఒక్కసారి రుద్దితే పోతుంది. రుద్దడానికి చెయ్యి ఎత్తింది. మెల్లగా దించేసింది. బొంత గడ్డం దాకా లాక్కుని, కొంగు సరిగ్గా పరుచుకుని, ఆ నాలుగో గీత పూర్తయ్యేలా కదలకుండా పడుకుంది.