పేరు పోయిన జంపయ్య

మీరే! ఇంకెవరో కాదు, ఈ పాపం మీరే చేశారు!

బడిలో హాజరు పిలుస్తూ, అడవి పిల్లల తండ్రుల పేర్లు సాగదీసి చదివి తరగతి మొత్తాన్ని నవ్వించిన సార్లూ, మీరే. పనిలో పెట్టుకుంటూ "ఏం పేరయ్యా ఇది, మనిషిదేనా?" అని పళ్లికిలించిన గుత్తేదార్లూ, మీరే. ఆ నవ్వులకు తలొంచి కన్నతండ్రి పేరును నాలుక కింద దాచుకున్న కొడుకులారా... అందరికన్నా ముందు మీరు! ఒక పసిగుడ్డు ప్రాణం గొంతులోకి వచ్చిన వేళ ఏం జరిగిందో వినండి. చెవులు మూసుకుంటే ఊరుకోను.

అసుర సంధ్య!

పడమటి ఆకాశం నెత్తురు కక్కుకున్నట్టు ఎర్రబడింది. గోదావరి మీదుగా కారుమేఘాలు కొండచిలువల్లా పాకి వస్తున్నాయి. సారపాక దాటాక రోడ్డుకు ఎడంగా ఉన్న జామాయిల్ తోటలో ఒక్క ఆకు కదలడం లేదు. పొద్దు పూర్తిగా గుంకకముందే ఎక్కడో ఓ గుడ్లగూబ... ఘూ... ఘూ... మంటూ మూలిగింది.

ఆ తోట నడుమ ఉన్న పెంకుటింటి ముందు నిలబడ్డాడు గణేష్. వెదురు లారీలకు లోడింగ్ పని చేసే మనిషి. ఒక చేతిలో పొత్తిళ్లలో కొడుకు. మరో చేతిలో గుడ్డలో కట్టిన గుప్పెడు మట్టి.

ఆ బిడ్డ పుట్టినప్పటి నుంచి తల్లి రొమ్ము పట్టలేదు. దవాఖానాలో డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేసి రోగమేమీ లేదంది. పాలు పిండి చెంచాతో పట్టమంది. పట్టిన చుక్కల్లో సగం కక్కేస్తున్నాడు. చమురు తగ్గిన దీపంలా రోజురోజుకీ కొడిగట్టిపోతున్నాడు.

ఎందుకో గణేష్‌కు తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. అదీ వాడు చేసిన ద్రోహం!

చర్ల అవతల అడవిలో ఉన్న వాళ్ల గూడెంలో, వాళ్లింటికి ఒక ఆచారం ఉంది. మగబిడ్డ పుడితే తల్లి రొమ్ము అందిస్తుంది. తండ్రి ఆ బిడ్డ చెవిలో చనిపోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెబుతాడు. ఏ పేరు దగ్గర బిడ్డ పాలు పట్టుకుంటే ఆ పెద్దమనిషి తిరిగి ఇంటికొచ్చినట్టు. ఆ పేరే బిడ్డకు. గణేష్ తాతముత్తాతల పేర్లన్నీ చెప్పాడు. ఒక్కటి మాత్రం... కావాలనే దాటేశాడు. తన తండ్రి పేరు. జంపయ్య!

"జంపయ్య కొడకా, ఓసారి జంప్ చెయ్‌రా!" అంటూ హాస్టల్ పిల్లలు బెంచీలు చరిచిన పేరది. ఆ ముసలి పేరు తన కొడుకు మొయ్యొద్దు. ఫోన్‌లో వెతికి వెతికి, రియాన్ష్ అని ముందే ఖాయం చేసుకున్నాడు.

ఆ పేర్లు చెబుతున్నప్పుడు గణేష్ తల్లి భీమక్క అక్కడే కూర్చుని ఉంది. కానీ ఆ ఇంట్లో భార్య మొగుడి పేరు పలకదు, కోడలు మామ పేరు పలకదు. జంపయ్య బతికుండగానూ, పోయాకా, భీమక్క ఆ పేరును పెదవి దాటనివ్వలేదు. అది ఆమె మర్యాద. పలకగలిగిన నోరు ఇంటిలో ఒక్క గణేష్‌దే.

"ఒక పేరు ఇడిసిపెట్టినవ్ కొడకా."

"అన్నీ చెప్పిన. ఇగ లేవమ్మా."

"మీ అయ్యకు పేరే లేదారా?"

"నాకు నచ్చిన పేరు పెట్టుకున్న. రియాన్ష్."

"ఎవడాడు? మన గట్టు మీద పోడు కొట్టిండా? మనింట్ల గంజి తాగిండా?" అంటూ భీమక్క మనవడి మొహం తుడిచింది. "పోరడు అడుగుతుండు. ఇయ్యరాదురా..."

వాడు ఇవ్వలేదు. తల తిప్పుకున్నాడు.

బిడ్డ నీరసించిపోతుంటే ఎవరో చెప్పిన మాట పట్టుకుని వెంకటరామారావు దగ్గరికి పరిగెత్తాడు. పేర్లు మార్చి అదృష్టం తెప్పిస్తానని టౌన్‌లో బోర్డు పెట్టుకున్న పెద్దమనిషి! ఆ బోర్డు వెనుక వాడి అసలు బతుకు... ఈ తోట ఇంట్లో క్షుద్రోపాసన!

"తెచ్చావా నాయనా, మీ నాన్న సమాధి మట్టి?"

"తెచ్చిన సార్. పోరడు బతుకుతడు గదా?"

"ఆ పాత పేరే వాడి గొంతుకు అడ్డుపడింది. దాన్ని నీ వంశంలోంచి కోసేద్దాం. లోపలికి రా!"

లోపల పసుపు కుంకుమలతో గీసిన భీకర మండలం. దాని మధ్య నల్లబడిన ఒక కపాలం... కంటి గుంటల్లో ఆముదపు దీపాలు! కృష్ణవస్త్రధారియై, రక్తచందనం పులిమిన లలాటంతో వెంకటరామారావు పద్మాసనం వేశాడు. వాడి కంఠంలోంచి మంత్రాలు బుసలుగా వెలువడ్డాయి. బయట మేఘం గర్జించింది. పెంకులు గజగజలాడాయి.

బిడ్డను కపాలం ముందు పడుకోబెట్టించాడు. మట్టిని కపాలంలో పోయించాడు.

"పేరు చెప్పు! ఆ పేరుగలవాడు నాకు ఎవరూ కాడని మూడుసార్లు అను!"

గణేష్ బిడ్డ వైపు చూశాడు. అడవిలో వెదురు నరుకుతూ, పాముకు ఎదురెళ్లి తనను భుజాన ఎత్తుకున్న మనిషి కళ్లముందు మెదిలాడు. ఆ వెంటనే... తరగతి నవ్వు!

"జంపయ్య... నాకు ఎవరూ కాడు."

ఒకసారి. మళ్లీ ఒకసారి. మూడోసారి అనగానే ఫెళఫెళారావంతో పిడుగు పడింది! వాడి నాలుక మీద నుంచి చల్లటిదేదో... జెర్రిలా... జారిపోయి కపాలంలోకి పాకింది.

బిడ్డ ఏడుపు ఠక్కున ఆగింది.

"సార్... పోరడు ఏడుస్తలేడు! పెదాలు నల్లబడ్డయ్ సార్!"

వెంకటరామారావు వికటాట్టహాసం చేశాడు. "మొదలు నరికాక చిగురెక్కడ నిలుస్తుందిరా మూర్ఖుడా? ముసలివాడి ఆత్మ నాకు బంటు! ఈ పసివాడి ప్రాణం ఆ బంటుకు మొదటి ముద్ద!"

తలుపులు భళ్లున తెరుచుకున్నాయి. గణేష్ భార్య భవాని, వెనకే భీమక్క! ఇంట్లో బిడ్డ కనపడక, టౌన్‌లో బోర్డు దగ్గర అడిగి, ఆటో ఎక్కి వెతుక్కుంటూ వచ్చారు. నల్లబడ్డ బిడ్డను చూసి భవాని కెవ్వున అరిచింది. ఆ అరుపు మధ్యలోనే... మారిపోయింది! జుట్టు విరబోసుకుంది. కళ్లు తెల్లగుడ్లయ్యాయి. ఆమె గొంతులోంచి ఒక ముసలి మగగొంతు, దారి తప్పినవాడి గొంతు, దీనంగా పలికింది...

"కొడకా... నేనెవర్ని? నా పేరేందిరా?"

గణేష్ నోరు తెరిచాడు. ఏదీ? ఆ పేరేదీ? నాలుక మీద లేదు. తలలో లేదు. తండ్రి ముఖం కనిపిస్తోంది, పేరు లేదు! నెత్తి బాదుకున్నాడు.

"చెప్పరాదురా... చీకట్ల ఉన్న. పిలిస్తె వస్త."

"నాకు... నాకు యాదికొస్తలేదయ్యా!"

ఇంతకన్నా సిగ్గు ఏ కొడుక్కీ వద్దు! కన్నతండ్రి ఎదుట నిలబడి పేరడిగితే, చెప్పలేక నేలచూపులు చూశాడు. భీమక్క వాడిని చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె కొంగు నెత్తిమీద కప్పుకుంది. జీవితమంతా కాపాడుకున్న మర్యాదను, పరాయి మగవాడి ముందు, కొడుకు తలొంపు తీర్చడానికి... తెంచేసింది.

"జంపయ్యా!"

తోటంతా దద్దరిల్లింది! జామాయిల్ చెట్లు విల్లుల్లా వంగాయి. భవాని నిటారుగా నిలబడింది. ఆ మగగొంతులో ఇప్పుడు దీనత్వం లేదు. అది మంత్రగాడి వైపు తిరిగింది.

"నా పేరు నాకు దొరికింది. నీ పేరేందిరా?"

వెంకటరామారావు పెదవులు కదిలాయి. "నా... నా పేరు..." ఇందరి పేర్లు దోచినవాడికి తన పేరు అందలేదు! కపాలం దవడలు తెరుచుకుని వాడి మణికట్టును కరిచాయి. కంటి గుంటల్లోని మంటలు పైకెగిసి వాడి నల్లబట్టలను నాకాయి. "రక్షించండి!" అని కూడా పిలవడానికి వాడికి ఎవరి పేరూ గుర్తు రాలేదు. కాలిన కాగితంలా ముడుచుకుని... బూడిదై... రాలిపోయాడు!

భవాని స్పృహ తెచ్చుకుని బిడ్డను గుండెకు హత్తుకుంది. ఊపిరి ఉంది. కానీ నోరు మూసుకునే ఉంది.

"నేను ఒక్కపాలి అన్న, తప్పుజేసి," అంది భీమక్క. "పోరని చెవుల చెప్పాల్సింది నువ్వు. గొణుగకు."

గణేష్ మోకాళ్ల మీద పడ్డాడు. "జంపయ్య!" అన్నాడు. గొంతు చాలలేదు. గుండె పగిలేలా మళ్లీ అరిచాడు. "జంపయ్య! నా అయ్య జంపయ్య! నువ్వు జంపయ్యవు బిడ్డా!"

బిడ్డ తల తిప్పి రొమ్ము అందుకున్నాడు. గుటక... గుటక. ఆ చప్పుడు వింటూ గణేష్ తల్లి కాళ్ల దగ్గర ముఖం దాచుకుని ఏడ్చాడు. ఆమె ముఖంలోకి చూడడానికి వాడికి మొహం చెల్లలేదు.

అప్పుడే గాలివానకు ఇంటి వెనకగోడ కూలింది. గోడ వెనుక, వాసాల దాకా పేర్చిన కుండలు! ఎర్రగుడ్డలతో మూతులు బిగించిన కుండలు! ఒక్కో దాంట్లోంచి ఒక్కో ముసలి గొంతు... "నేనెవర్నిరా?"... కొన్ని కోయ మాటల్లో, కొన్ని లంబాడీలో, కొన్ని తెలుగులో. భీమక్క వాటికి చెవి ఆనించి విని కొంగుతో కళ్లు తుడుచుకుంది. "వీళ్లు మనోళ్లు గాదు. నాకు పేర్లు తెల్వవ్."

ఆమెకు తెలియవు. నాకూ తెలియవు. కొడుకులారా, మంత్రగాడు బూడిదయ్యాక ఆ పేర్లు మీ నాలుకల మీదికి తిరిగొచ్చాయి, మీకు తెలుసు! మీరే అమ్ముకున్నారు కాబట్టి! రేపు మాపు అనకండి, ఫోన్లు పక్కన పెట్టండి, పట్టపగలు అందరూ చూస్తుండగా ఆ జామాయిల్ తోటకు రండి. మీ అయ్యలు, మీ తాతలు ఆ కుండల్లో ఊపిరాడక కొట్టుకుంటున్నారు. ఒక్కొక్కరూ ముందుకొచ్చి, నలుగురూ వినేట్టు, నోరారా పిలవండి. నవ్వేవాడు నవ్వితే వాడి కళ్లలోకి చూస్తూ ఇంకోసారి పిలవండి.

పిలవండి!