మందుకు లొంగని వంశం

2074 నాటికి మైదానాల పిల్లలకు మలేరియా అంటే పాఠ్యపుస్తకంలో ఒక బొమ్మ. గంజిగెడ్డ లోయలో మాత్రం అది ఇంకా మనుషుల నెత్తుట్లోనే ఉంది. పైగా ఆ ఏడు ఏ మందుకూ లొంగడం మానేసింది. మూడు నెలల్లో పదకొండు మంది పోయారు.

దాని పుట్టుక తేల్చడానికి డాక్టర్ నడింపల్లి విశ్వంభరం రాజధాని నుంచి వచ్చాడు. ఏటా వానాకాలం సర్వేకు వచ్చే మనిషే. ఈసారి తాను కనిపెట్టిన వంశదర్శినిని వెంట తెచ్చాడు. దానికి ఒక్క చుక్క రక్తం చాలు. అందులోని పరాన్నజీవుల జన్యువులు చదివి, అవి ఎన్ని వంశాలవో చెబుతుంది. ఏ వంశం ఎవరి ఒంట్లో మొదలై ఎవరికి పాకిందో గీత గీసి చూపుతుంది. రోగి వయసు, వృత్తి, వాడిన మందులు అడిగి ఆ గీతకు జతచేస్తుంది.

తేల్చాల్సిందేమిటో విశ్వంభరం ముందే తేల్చుకుని వచ్చాడు. కొండవాళ్లు మందులు పారేస్తారు, అందుకే ఈ పీడ. ఆ ముక్క నివేదికలోకి ఎక్కితే లోయవాళ్లు సంతలకు దిగకుండా సర్కారు దారులు మూసేస్తుంది. కిల్లో గాసి అనే ముసలాయన రక్తంలో ఆరు వంశాలు కనబడేసరికి, ఇది ఒళ్లా, సత్రమా అని నవ్వాడు. జ్వరమైనా లేకుండా ఆరింటిని మోస్తున్న ఆ ఒంటికి ఎంత ఓర్పుండాలో ఆ మేధావికి తట్టలేదు.

నాలుగు వందల మందిని గుచ్చినా మొండి వంశపు తొలిరూపం దొరకలేదు. దొరికినవన్నీ దాని పిల్లలే. లోయలో ఇరవై ఏళ్లుగా నర్సుగా ఉన్న పాంగి సొంబారి జాబితా చూసింది.

“శిబిరంలో ఉన్నోల రగతం కూడా తియ్యాల సారూ. మీదింకా తియ్యలేదు.”

నాకేం రోగమని ఆయన కసిరాడు. పరీక్షల శిబిరంలో పనిచేసేవాళ్ల రక్తం కూడా తీయాలన్న నిబంధన రాసింది తానే కాబట్టి చివరికి వేలు చాపాడు.

యంత్రం అందరినీ అడిగినట్టే అడిగింది. “ఈ లోయలో ఎప్పుడైనా జ్వరం తగిలిందా? మందు పూర్తిగా వాడారా?”

“ఏడుసార్లు తగిలింది. జ్వరం దిగాక ఆ చేదు ఎవడు మింగుతాడు?”

గీత ఆయన దగ్గరికి వచ్చి ఆగింది. “తొలిరూపం ఈ రక్తంలోనే ఉంది,” అంది యంత్రం.

పోయిన పదకొండు మందిలో సొంబారి చెల్లెలు ఒకతె. ఆమె ఆయన వేలి మీద దూది పెట్టి, గట్టిగా నొక్కి పట్టుకోమని చెప్పి బయటికి నడిచింది.

విశ్వంభరం ఆ పూటే కొండ దిగాడు. నెల తిరక్కుండా వంశదర్శినికి మెరుగుపరిచిన రూపం వచ్చింది. వృత్తి అడిగినప్పుడు శాస్త్రవేత్త అని చెబితే అది రక్తం తీసుకోదు. మీరు ఆరోగ్యంగా ఉన్నారని చెప్పి, తర్వాతి రోగిని రమ్మంటుంది.